జమ్రూల్ చెట్టుకు కట్టిన దోమతెర

నా చిన్నప్పుడు జరిగిన సంగతి ఒకటి చెప్తాను, ఆ పీట ఇలా లాక్కుని నా పక్కకి రండి. నా గొంతు ఇదివరకులా దూరం పోవడం లేదు. చేతిలో పని ఉంటే ఉండనివ్వండి, చిక్కుళ్ళకి ఈనెలు తీస్తూ కూడా వినొచ్చు. చెవి మాత్రం ఇటు పెట్టండి.

మేము అప్పుడు జంషెడ్‌పూర్‌లో, కాసిడీహ్‌లో, ఒక పెంకుటిళ్ళ వరసలో ఉండేవాళ్ళం. మా నాన్నది ఉక్కు కంపెనీలో షిఫ్టు డ్యూటీ. ఆ వరసలో సగం మంది శ్రీకాకుళం, విజయనగరం వైపు నుంచి పనికోసం వచ్చినవాళ్ళే. ఇంట్లో తెలుగు, వీధిలో హిందీ, కుళాయి దగ్గర రెండూ కలిపిన తిట్లు. మాకూ పక్కింటి పెద్దమ్మకూ కలిపి ఒకటే పెరడు. పెద్దమ్మ మాకు చుట్టం కాదు, పిలుపు వరసే. ఆ పెరటి మధ్యలో, ఇంటి యజమాని బెంగాలీ బాబు ఎప్పుడో నాటించిన జమ్రూల్ చెట్టు ఉండేది.

జమ్రూల్ అంటే మీలో కొందరు చూసి ఉండరు. జామలాంటిదే, కానీ తెల్లగా, మైనంతో చేసిన చిన్న చిన్న గంటల్లా గుత్తులు గుత్తులుగా వేలాడుతుంది. కొరికితే నోరంతా నీళ్ళు, వెనకాల కొంచెం గులాబీ వాసన. యాపిల్ పండు మాకు జ్వరం వచ్చినప్పుడే, అదీ ఒక ముక్కే. జమ్రూలే మా యాపిల్. వేసవిలో కుళాయి ఎండిపోయిన మధ్యాహ్నాల్లో పిల్లలందరం ఆ కాయలతోనే దాహం తీర్చుకునేవాళ్ళం.

ఇక మా నాన్నమ్మ. ఆవిడ అనుమానం గురించి చెప్పాలంటే ఒక పూట చాలదు. పాలవాడు పోసిన పాలని బొటనవేలి గోరు మీద చుక్క వేసి, ఆ చుక్క జారే తీరు చూసేది. బొగ్గులవాడు బస్తా దింపితే అడుగున చెయ్యి పెట్టి రాళ్ళు తీసి వాడి చేతిలోనే పెట్టేది. రేడియోలో టైము చెప్తే, కంపెనీ భోంపు, అదే సైరను, కూసేదాకా నమ్మేది కాదు. భోంపు కూసినా, ఇవాళ కూసినవాడు నిద్రమొహం వాడేమో అనేది. వరసలో ఎవరింట్లో ఏది పోయినా ముందు మా నాన్నమ్మ దగ్గరికే వచ్చేవారు. ఆవిడకి దొరకని దొంగ లేడని పేరు.

ఒక ఏడాది మాఘంలో పక్కింటి పెద్దమ్మ కొడుక్కి పెళ్ళయింది. పిల్లది ఒరిస్సా సరిహద్దు ఊరు, ఇచ్ఛాపురానికి అవతల. మాకు ఆ అన్నయ్య భార్య గనక కొత్త వదిన అని పిలిచేవాళ్ళం. సన్నగా, నెమ్మదిగా ఉండేది. మాటల మధ్యలో ఒరియా ముక్కలు దొర్లేవి, దానికి అందరూ నవ్వేవారు. ఆవిడ కళ్ళు మాత్రం మనందరి కళ్ళలా నల్లగా ఉండవు. తేనెరంగులో, ఎండ పడితే పిల్లికళ్ళలా మెరిసేవి. పని అవగానే వచ్చి జమ్రూల్ చెట్టు కింద నిలబడి తలెత్తి చూస్తూ ఉండేది. వాళ్ళ ఊళ్ళో పెరట్లో కూడా అలాంటి చెట్టు ఉందట. పుట్టింటిని తలుచుకునేదేమో, ఎవరూ అడగలేదు.

ఆ వేసవిలో మొదటి కాపు అంతో ఇంతో బాగానే వచ్చింది. రెండో కాపు వచ్చేసరికి కాయలన్నీ పాడైపోయాయి. పైకి తెల్లగా నిగనిగలాడుతూ ఉంటాయి, ఎక్కడో చిన్న గోధుమరంగు చుక్క. విప్పితే లోపల గుజ్జంతా నీరుకారి, సన్నటి తెల్ల పురుగులు. మెల్లగా పాకే పురుగులైతే భయపడేవాళ్ళం కాదు. ఇవి ముడుచుకుని చిటుక్కున ఎగిరేవి. మా తమ్ముడి చేతిలోంచి ఒకటి ఎగిరి వాడి బుగ్గ మీద పడితే వాడు పెట్టిన కేక వీధి చివరిదాకా వినిపించింది.

కుళాయి దగ్గర మాటలు మొదలయ్యాయి. పెద్దమ్మ బిందె కింద పెట్టి అంది, "పురుగు పాకుతాది గాని ఎగురుతాదేటి? నా బతుకులో సూడనేదు. ఇది చిల్లంగి పనే." చిల్లంగి అంటే మా వైపు వాళ్ళకి చేతబడికన్నా పెద్ద మాట. ఇంకొకావిడ అందుకుంది, "చిల్లంగి ఎందుకప్పా, ఆ కళ్ళు సాలవా? పొద్దస్తమానం సెట్టుకేసి సూత్తాది." అందరూ ఒక్కసారి పక్కకి చూశారు. కొత్త వదిన అక్కడే, గుమ్మం దగ్గర, చేట పట్టుకుని నిలబడి ఉంది.

ఆ రోజు నుంచి ఆవిడ చెట్టు దగ్గరికి రావడం మానేసింది. అయినా కాయలు రాలుతూనే ఉన్నాయి. పెద్దమ్మ వరసంతా వినేలా చెప్పింది, ఆషాఢానికి కోడలు పుట్టింటికి వెళ్తుంది కదా, మరి శ్రావణంలో తను పిలవనని. మనలో కొత్త కోడలు ఆషాఢమాసం పుట్టింట్లో గడిపి శ్రావణంలో తిరిగి రావడం మామూలే. ఆ రెండో పిలుపు రాకపోతే ఆ పిల్ల బతుకు ఏమిటో పెద్దవాళ్ళకి చెప్పక్కర్లేదు. నాలాంటి పిల్లలకి కూడా అర్థమైంది, ఎందుకంటే ఆ మాట విన్న రోజు కొత్త వదిన కుళాయి కింద బిందె నిండి పొర్లిపోతున్నా చూసుకోకుండా అలాగే కూర్చుండిపోయింది.

అన్నయ్య మెతకమనిషి. "ఛోడో నా అమ్మా, పేడ్ హై, కీడా లగ్ గయా," అన్నాడు, చెట్టన్నాక పురుగు పట్టిందిలే అన్నట్టు. పెద్దమ్మ వాడి సైకిలు హ్యాండిలు పట్టుకుని, "నీకు కీడా నీ ఇంట్లో పట్టింది, సూసుకో," అంది. వాడు షిఫ్టుకి పోయాడు. అంతే, వాడి వల్ల అయింది అంతే.

అప్పుడు పెద్దమ్మ మా నాన్నమ్మ దగ్గరికి వచ్చింది. కోడల్ని రెడ్‌హ్యాండెడ్‌గా పట్టి ఇవ్వమని. మా నాన్నమ్మ అప్పటికే వదినని అనుమానిస్తోంది, అందులో దాపరికం లేదు. జాలితో ముందుకొచ్చిందని మీరు అనుకోకండి. ఆవిడకి జాలి వేరే పూట ఉండేది. పురుగు తనంతట తాను కాయలోకి రాదు, ఎవరో పెడితేనే వస్తుంది, ఎవరు పెట్టారో తేల్చాలి, అదీ ఆవిడ పట్టు. మా అమ్మ, వానకి ముందు కాయలు అలాగే పాడవుతాయి అత్తా అంటే, "అలాగే అంటే ఎలాగ?" అని అడిగేది. మా అమ్మ పొయ్యి వైపు తిరిగిపోయేది.

ముందు తాతయ్య పాత పంచె ఒకటి చింపి ముక్కలు చేసింది. పిందెలు తెల్లబడుతున్న గుత్తులు చూసి, పెద్దమ్మ వైపు కొమ్మలకి కొన్ని, మా వైపు కొమ్మలకి కొన్ని, గుడ్డ చుట్టి కట్టింది. ముడి తనదే, ఇంకొకరు విప్పితే మళ్ళీ అలా వెయ్యలేరు. చేత్తో ఎవరైనా సూది గుచ్చినా, మందు పూసినా, ముడి చెప్తుందని ఆవిడ లెక్క.

కాయలు పండాక ముడులు విప్పింది. ఒక్క ముడీ కదల్లేదు. లోపల కాయలు పాలలా ఉన్నాయి, ఒక్క పురుగు లేదు. బయట వేలాడుతున్న గుత్తులన్నీ కుళ్ళిపోయాయి.

పెద్దమ్మ వెంటనే చెయ్యెత్తి వరసందరినీ పిలిచింది. "సూసేరా? గుడ్డ కప్పినకాడ బాగుంది, కప్పనికాడ పోయింది. దాని కళ్ళు గుడ్డలోకి ఎల్లనేదు!" అంది. అందరూ తలలూపారు. నిజంగానే అది నప్పింది. దిష్టి తగలకుండా పసిబిడ్డకి గుడ్డ కప్పడం చూసినవాళ్ళే కదా అందరూ. కొత్త వదిన లోపలికి వెళ్ళి తలుపు దగ్గరగా వేసుకుంది. ఇంట్లోంచి ట్రంకుపెట్టె ఈడ్చిన చప్పుడు నాకు ఇప్పటికీ గుర్తు.

ఆ పూట అందరికీ సంగతి తేలిపోయింది, మా నాన్నమ్మకి తప్ప. అన్నం ముందు కూర్చుని కలుపుతోంది గాని తినడం లేదు. మా అమ్మ, దొరికింది కదా అత్తా, ఇంకేమిటి అని అడిగింది. "బేగి దొరికిపోయిందే. నాకు నచ్చనేదు," అంది, అంత తొందరగా దొరకడమే తప్పన్నట్టు. పాలవాడి మీద ఎంత అనుమానమో తన అనుమానం మీదా ఆవిడకి అంతే అనుమానం. గుడ్డ కంటిని ఆపింది, సరే. మరి ఇంకేటి ఆపింది?

మర్నాడు పొద్దున్నే తన మంచం దోమతెర విప్పేసింది. వేసవిలో అందరం పెరట్లో మంచాలు వేసుకుని పడుకునేవాళ్ళం, ఆ ఊరి దోమల సంగతి మీకు తెలీదు. ఉన్న ఒక్క తెరనీ ఆవిడ కత్తెరతో పరపరా కత్తిరిస్తూంటే మా అమ్మ గుమ్మంలో కూలబడిపోయింది. ఆ ముక్కలని సంచుల్లా కుట్టించి గుత్తులకి తొడిగింది. దోమతెరలోంచి కాయలు ఎంచక్కా కనిపిస్తాయి. చూపు లోపలికి పోతుంది, చెయ్యి పోదు.

తరవాత పెద్దమ్మ గుమ్మం ముందు నిలబడి కోడల్ని పంపమంది. ఆ పిల్ల కొంగు భుజాల చుట్టూ కప్పుకుని వచ్చింది. నాన్నమ్మ ఆవిడ భుజాలు పట్టుకుని చెట్టు కింద నిలబెట్టి, "సూడు," అంది. వదిన తల దించుకుంది. "నేల కాదే, కాయలు సూడు. కడుపునిండా సూడు. కావాలని ఉన్నట్టు సూడు." వదిన కళ్ళలోంచి నీళ్ళు జారాయి. నాన్నమ్మ కొంగుతో ఆ కళ్ళు గట్టిగా తుడిచి, "ఏడిత్తే మసకేసి ఆనవు. సరిగ్గా సూడకపోతే నా పరీచ్ఛ పాడు," అని కసిరింది. వరసలో ఆడవాళ్ళు గోడల మీంచి, తలుపు సందుల్లోంచి చూస్తున్నారు. పెద్దమ్మ చేతులు కట్టుకుని నిలబడింది.

ప్రతి పొద్దునా అదే తంతు. పళ్ళు తోముకున్నామా, వదిన వచ్చి కాయల్ని చూసిందా. మొదట భయంగా చూసేది. కొన్నాళ్ళకి నిజంగానే చూడడం మొదలెట్టింది, తనకి ఇష్టమైన చెట్టే కదా. ఒకనాడు, "మామ్మా, ఆ పైగుత్తి బలే ఉంది," అని నోరుజారి, నాలిక కరుచుకుంది. నాన్నమ్మ మొహంలో ఏ మార్పూ లేదు. "మెచ్చుకో మెచ్చుకో, ఇంకా బాగా మెచ్చుకో," అంది. రాత్రిళ్ళు తను మాత్రం దోమలని తిడుతూ వేపాకు పొగలో పడుకునేది.

పండిన గుత్తుల తెరలు విప్పిన రోజు వరసంతా పోగైంది. మొదటి గుత్తి బాగుంది. తరవాతదీ, ఆ తరవాతదీ బాగున్నాయి. వదిన కళ్ళలో మొదటిసారి కాస్త వెలుగు కనిపించింది. అప్పుడు పెద్దమ్మ తనే ఇంకో గుత్తి తెర విప్పి, ఒక కాయ తీసి చిదిమింది. పురుగు చిటుక్కున ఎగిరి ఆవిడ మణికట్టు మీద పడింది.

"ఇదేటి మరి?" అంది పెద్దమ్మ. గొంతులో సంతోషం ఉంది, ఆ సంతోషమే నన్ను ఎక్కువ భయపెట్టింది. ఎవరో, ఇంకేం చూస్తారు, పిల్ల అన్నకి కబురు పెట్టండి అన్నారు. వదిన వెనక్కి జరిగి గోడకి ఆనుకుంది.

నాన్నమ్మ ముందుకొచ్చింది. ఆ కాయని తీసుకుని వెలుగులోకి పట్టింది. చుక్క ఎక్కడ ఉందో చూసింది. తరవాత తెరని మళ్ళీ ఆ గుత్తికి తొడిగి, కాయ ఎలా కూర్చుని ఉండేదో అలాగే పెట్టింది. గుత్తిలో మిగిలిన కాయలు తెరకి దూరంగా వేలాడుతున్నాయి. ఈ ఒక్క కాయే లావుగా పెరిగి తెరకి ఒరుసుకుని ఉంది. ఒరుసుకున్న చోటే చుక్క. నాన్నమ్మ నా వైపు తిరిగి, ఇంకా పండని గుత్తి ఒకటి చూపించి, దాని ముందు కూర్చోమంది. కదలకూడదు, విసనకర్ర కూడా విసరకూడదు, ఏది వచ్చినా తోలకూడదు, పిలవాలి. అలా చెప్పి, తెరని కొంచెం లాగి కట్టి ఒక కాయకి ఆనేలా చేసింది.

ఆ ఎండ ఎలాంటిదో చెప్పలేను. చెమట కళ్ళలోకి కారుతుంటే రెప్ప వాల్చకుండా కూర్చున్నాను. చీమలు వచ్చాయి, పోయాయి. ఒక తూనీగ వచ్చి కాసేపు ఆలోచించి వెళ్ళిపోయింది. అప్పుడు వచ్చిందొకటి. ఇంట్లో ఈగలాగే ఉంది గాని నడుము కందిరీగది, వీపు మీద పసుపు గీతలు. రెక్కలు రెండు పక్కలకీ చాచుకుని, సంతలో బేరం చూసేదానిలా తెర మీద అటూ ఇటూ నడిచింది. కాయ ఆనిన చోటికి రాగానే ఆగింది. వెనక భాగం వంచి, సూదిలాంటి తోక ఒకటి తెర కన్నంలోంచి కాయలోకి దించింది.

నేను అరవలేదు, నాన్నమ్మ చెప్పింది కదా. మెల్లగా చెయ్యి ఊపాను. ఆవిడ వచ్చి చూసింది. తరవాత వెళ్ళి పెద్దమ్మని మణికట్టు పట్టుకుని లాక్కొచ్చింది. ఇద్దరు ముసలమ్మలూ తలలు తలలు ఆనించి, ఊపిరి బిగబట్టి, ఆ పిసరంత ఈగని చూశారు. అది పని ముగించుకుని, కాళ్ళు దులుపుకుని లేచిపోయింది.

"గుడ్లెట్టింది," అంది నాన్నమ్మ. "కంటి సూపు కన్నా పెద్దది, సేతి కన్నా సిన్నది. నానన్నానా, ఎవరో పెడితేనే వత్తాదని."

పెద్దమ్మ ఈగ ఎగిరిపోయిన వైపు చూసింది. అయినా అంత తేలిగ్గా వదిలే మనిషి కాదు. "మరి ఈ ఏడే ఎందుకొచ్చింది? నిరుడు నేదే, అంతకు ముందు నేదే. పెళ్ళయిన కాడ్నించే కాదేటి?" అంది. నిజమే, ఆ మాటకి అందరూ మళ్ళీ వదిన వైపు చూశారు. నాన్నమ్మకి కోపం వస్తుందనుకున్నాను. రాలేదు, ఇష్టమైన ప్రశ్న దొరికినట్టు చెట్టు కింద నేల వైపు చూసింది. రాలిన కాయలు కుళ్ళి నేలంతా జిగురుగా ఉంది. కాలితో ఒక చోట మట్టి గీకింది. గోధుమ గింజల్లాంటివి బయటపడ్డాయి. ఒకటి గోటితో చిదిపితే లోపల సగం తయారైన ఈగ.

"నిరుడు ఈ కాయలు ఎవరు ఎత్తేవోరు?" అని అడిగింది.

ఎవరూ ఎత్తేవారు కాదు. పెద్దమ్మ వాళ్ళ మేక తినేసేది. రాలిన కాయ రాలినట్టే, పురుగుతో సహా, నేల నాకేసేది. ఆ మేక ఏదీ? నేను గబుక్కున, "పెళ్ళి భోజనాల్లో కోసేశారు కదా," అనేశాను. మా అమ్మ నా వీపు మీద ఒకటి చరిచింది గాని అప్పటికే వరసంతా నవ్వేసింది. గోడకి ఆనుకున్న వదిన కూడా కొంగు నోట్లో కుక్కుకుంది. నాన్నమ్మ మాత్రం నవ్వకుండా, "పెళ్ళితోనే వచ్చిందప్పా, నువ్వన్నది నిజమే. పెళ్ళికూతురుతో మాత్రం కాదు. పులుసుతో," అంది. పెద్దమ్మ పెదవులు బిగించుకుంది గాని గడ్డం అదిరింది. ఆ నవ్వు ఆపుకోవడానికి ఆవిడ పడ్డ తిప్పలు చూడాలి.

ఆ తరవాత పని మొదలైంది. రోజూ పొద్దునా సాయంత్రం రాలిన కాయలు పిల్లలం ఏరి, నీళ్ళలో కిరసనాయిలు కలిపిన డబ్బాలో వేసేవాళ్ళం. చెట్టు మొదట్లో మట్టి గుల్ల చేసి ఎండకి ఆరబెడితే గోరింకలు దిగి గింజల్లాంటివన్నీ ఏరుకు తిన్నాయి. వరసలో చిరిగిన దోమతెరలన్నీ మా ఇంటికి వచ్చాయి. వదిన వాటిని సంచులు కుట్టింది, కాయకి ఆనకుండా లోపల సన్నటి వెదురు బద్ద వంచి గుండ్రంగా పెట్టి. ఆ ఆలోచన ఆవిడదే. పెరటి మధ్యలో కూర్చుని, అందరూ చూస్తుండగా, తలెత్తి చెట్టుని చూసుకుంటూ కుట్టింది. నాన్నమ్మ ఒక్కో సంచీ లాగి లాగి కుట్టు ఊడుతుందేమో చూసేది. అనుమానం పోలేదు, కుట్టు మీదికి మళ్ళింది, అంతే.

ఆషాఢం వచ్చింది. తీసుకెళ్ళడానికి వదిన అన్న వచ్చాడు. ఆ పిల్ల ట్రంకుపెట్టె గుమ్మంలో ఉంది. పెద్దమ్మ ఏమంటుందో అని మేమంతా పనులున్నట్టు నటిస్తూ పెరట్లోనే తిరుగుతున్నాం. పెద్దమ్మకి క్షమించమనడం రాదు, వాళ్ళమ్మ నేర్పలేదు. వదిన వంగి కాళ్ళకి దణ్ణం పెడితే, ఆవిడ తల మీద చెయ్యి వేసి, అటు గోడకేసి చూస్తూ, "శ్రావణం రాగానే బేగొచ్చీ. నాకు సూదిలో దారం ఎక్కదు," అంది.

వదిన తలెత్తింది. ఆ తేనెరంగు కళ్ళతో అత్తగారిని సూటిగా చూసింది, ఆవిడా కళ్ళు తిప్పుకోలేదు. రిక్షా మలుపు తిరిగేదాకా పెద్దమ్మ వీధిలోనే నిలబడింది.

మా నాన్నమ్మ పోయి ఎన్నో ఏళ్ళయింది. ఆవిడని చూసి నేను అనుమానపడడం మానలేదు, ఎలా పడాలో నేర్చుకున్నాను. వరసలో అందరికన్నా ఎక్కువ అనుమానించింది ఆవిడే. మిగిలినవాళ్ళు సగం దారిలో ఒక ఆడపిల్ల ఎదురైతే అక్కడే ఆగిపోయారు, ఆవిడ ఆగలేదు. ఇప్పటికీ ఇంట్లో ఏదైనా తేడా వచ్చి, మనసు ఒక మనిషి మీదికి పోగానే, నాకు ఆ ఎండ, కళ్ళలోకి కారిన చెమట గుర్తొస్తాయి. నోరు మూసుకుని ఇంకాసేపు కూర్చుంటాను. కొన్నిసార్లు ఆ మనిషే తప్పు చేసినట్టు తేలింది కూడా, తేలకపోలేదు. అప్పుడు అనాల్సిన మాట అన్నాను, అన్నందుకు బాధపడలేదు. చివరిదాకా చూశాక అన్నాను గనక.

ఇంక లేవండి, పొద్దుపోతోంది. మీ ఇంట్లో అడుగుపెట్టిన ఆడపిల్ల మీ గుమ్మంలో తలెత్తుకుని తిరగాలి, వెళ్ళిన ప్రతిసారీ మళ్ళీ రమ్మన్న పిలుపు విని వెళ్ళాలి. మీ పిల్లలు, మీ పెద్దలు, మీ పొయ్యి, మీ పెరడు, అన్నీ చల్లగా ఉండాలి తల్లులారా.